మూసీ నుంచి సముద్రగర్భం దాకా: రసాయనాల ప్రయాణం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బడుల్లో, కాలనీ మీటింగుల్లో మూసీ గురించి మాట్లాడిన ప్రతిసారీ చివర్లో ఇవే సందేహాలు వస్తుంటాయి. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. నీళ్లు పోయే దారినే వరస పెట్టాను: హైదరాబాద్ నగరం, నది, అలివి (నది సముద్రంలో కలిసే చోటు), లోతు సముద్రం, మళ్లీ మన కంచం. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు, ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది.

## నగరంలో

సేంద్రియ కాలుష్యం అంటే డ్రైనేజీ మురుగేనా?

మురుగు అందులో ఒక భాగం మాత్రమే. మలమూత్రాలు, వంటింటి కడుగునీళ్లు, కబేళా వ్యర్థాలు కుళ్లిపోతాయి. సూక్ష్మజీవులు వాటిని తిని నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. కంపు కొట్టేదీ, చేపలు తేలేదీ ఎక్కువగా వీటివల్లే. రెండో రకం నీళ్లలో ఉన్నా చాలావరకు వాసన తెలియదు, రంగు కనబడదు. పురుగుమందులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లోని పీసీబీలు, ఫోమ్ పరుపుల్లో, టీవీల వెనక ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు, నాన్‌స్టిక్ పూతల్లో వాడే పీఫాస్, బండి పొగలోని పీఏహెచ్‌లు ఈ రకం. ఇవన్నీ కార్బన్ ఆధారిత పదార్థాలే, కానీ సూక్ష్మజీవులకు వీటిని విరగ్గొట్టడం చాలా కష్టం. సముద్రగర్భం దాకా వెళ్లేవి ఈ మొండి రకాలే.

ఇవన్నీ ఫ్యాక్టరీల నుంచే కదా? ఇళ్ల నుంచి ఏం వస్తాయి?

ఇళ్ల వాటా చిన్నదేం కాదు. మింగిన మాత్రలో కొంత శరీరం వాడుకోకుండానే బయటికి పంపేస్తుంది. సబ్బులు, షాంపూలు, దోమల స్ప్రేలు, చెదల మందు, బట్టలు ఉతికినప్పుడు రాలే పాలిస్టర్ పీచు అన్నీ నాలాలోకే చేరతాయి. రోడ్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏడెనిమిది నెలలు రోడ్ల మీద పేరుకున్న టైరు పొడి, ఇంజన్ ఆయిల్ జిడ్డు, పొగమసి మృగశిర తర్వాత పడే మొదటి పెద్ద వానకి ఒక్కసారిగా నాలాల్లోకి దిగుతాయి. ఆ మొదటి అరగంట నీళ్లను శుద్ధి చేసే ఏర్పాటు మనకు దాదాపు లేదు.

పటాన్‌చెరు మందుల కథ నిజమేనా? అదీ మూసీలోకే వస్తుందా?

నిజమే. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను ఉమ్మడిగా శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మామూలుగా డాక్టర్ రాసే మాత్ర 500 మిల్లీగ్రాములు. అంటే ఒక బకెట్ నీళ్లలో దాదాపు ఒక మాత్ర. రోజుకు 40 కిలోలకు పైగా మందు పోతోందని లెక్కగట్టారు. శుద్ధి చేశాక వచ్చిన నీళ్ల సంగతి ఇది.

దారి విషయానికొస్తే, పటాన్‌చెరు వైపు సహజంగా పారే నీళ్లు మూసీవి కావు. ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలుస్తాయి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. తర్వాత పైపులైను వేసి ఆ వ్యర్థజలాల్ని అంబర్‌పేట వైపు మళ్లించారు. అలా మన నగరం తన రసాయనాల్ని అటు గోదావరికీ ఇటు కృష్ణకూ పంచిపెట్టింది.

మురుగు శుద్ధి ప్లాంట్లు కట్టారు కదా, అక్కడే ఆగిపోవా?

కుళ్లేవి చాలావరకు ఆగుతాయి. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ (రోజుకు 33.9 కోట్ల లీటర్లు) ప్లాంటైనా, కొత్తగా కట్టినవైనా ప్రధానంగా ఆ పనికోసమే రూపొందించారు. మొండి రసాయనాల్లో జిడ్డుకు అంటుకునేవి బురదలోకి చేరతాయి. అవి మాయమైపోలేదు, చోటు మారాయంతే. ఆ బురదను ఎక్కడ పోస్తారన్నదాన్ని బట్టి మళ్లీ వానకి వాగులోకి రావచ్చు. పీఫాస్ లాంటివి, కార్బమాజెపిన్ అనే ఫిట్స్ మందు లాంటివి ప్లాంటును పట్టించుకోకుండా అటు నుంచి ఇటు దాటిపోతాయి. ప్లాంట్లు వద్దని చెప్పడం లేదు. ప్లాంటు కట్టాం కాబట్టి రసాయనాల సమస్య తీరిందనడమే తప్పు.

లీటరుకు నానోగ్రాములు అంటున్నారు. అంత తక్కువకి టెన్షన్ ఎందుకు?

లీటరుకు ఒక నానోగ్రాము అంటే వంద కోట్ల లీటర్లలో ఒక గ్రాము. హైదరాబాద్ ఒక్కరోజులో వదిలే మురుగు అంతకంటే ఎక్కువే ఉంటుంది. నగరం మొత్తం మురుగులో ఒక గ్రాము కలిపితే ఏమవుతుందని అడగడం న్యాయమే. చాలా పదార్థాలకైతే ఏమీ కాదు. కానీ కొవ్వులో నిలిచిపోయే రసాయనాలకు నీటిలోని మోతాదు మొదటి మెట్టు మాత్రమే. నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు వెళ్లేకొద్దీ చిక్కబడుతూ పోతాయి. పెద్ద చేప ఒంట్లో నీటిలో కన్నా లక్షల రెట్లు ఎక్కువ ఉండటం మామూలే. అందుకే ఈ లెక్కలో నీటి పరీక్షను మాత్రమే చూసి ఊరట పడకూడదు.

## నది దారిలో

హైదరాబాద్ నీళ్లు అసలు సముద్రం దాకా పోతాయా?

వానాకాలంలో పోతాయి, ఎండాకాలంలో దాదాపు పోవు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం దాటాక కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టులో ఆగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అది నాగార్జునసాగర్‌కు దిగువన. అంటే ఆ పెద్ద ఆనకట్ట మన మురుగును ఆపదు. తర్వాత పులిచింతల, విజయవాడ ప్రకాశం బ్యారేజీ, చివరికి హంసలదీవి. వేసవిలో బ్యారేజీ గేట్లు మూసి ఉంటాయి కాబట్టి కింద నది ఇసుకమేటగా కనిపిస్తుంది. అప్పుడు కూడా కొంత నీరు కాలువల ద్వారా డెల్టా పొలాల్లోకి వెళ్లి, మురుగుకాలువల్లోంచి సముద్రానికి చేరుతుంది. అసలు ప్రయాణం మాత్రం గేట్లెత్తిన రోజుల్లోనే.

నీళ్లలో కరగని రసాయనం నీళ్లతో ఎలా ప్రయాణిస్తుంది?

చేపల పులుసు దించాక చూడండి, కారం ఎరుపంతా పైకి తేలిన నూనెలో ఉంటుంది, కింది పులుసులో అంత ఉండదు. ఆ రంగుకు నీళ్లకన్నా నూనె ఇష్టం. డీడీటీ, పీసీబీల గుణం కూడా ఇదే. డీడీటీ లీటరు నీటిలో మిల్లీగ్రాములో పదో వంతు కూడా కరగదు, జిడ్డు పదార్థంలో మాత్రం నీటిలో కన్నా పది లక్షల రెట్లకు పైగా ఎక్కువగా చేరుతుంది. నదిలో ఆ జిడ్డు ఎక్కడుంటుందంటే ఒండ్రుమట్టి రేణువుల మీద. ప్రతి రేణువు చుట్టూ కుళ్లిన ఆకులు, నాచు, సూక్ష్మజీవుల పలచని పొర ఒకటి ఉంటుంది. రసాయనం ఆ పొరను పట్టుకుంటుంది. రేణువు ఎక్కడ ఆగితే అదీ అక్కడే ఆగుతుంది, ఎక్కడ కదిలితే అక్కడ కదులుతుంది.

కాబట్టి ఈ రసాయనాల జాడ తెలియాలంటే నీళ్లు పోయిన దారి కన్నా మట్టి పోయిన దారి వెతకాలి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే మిగతా ప్రయాణం చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

మూసీలో తెల్లగా తేలే ఆ నురగ కూడా సముద్రానికి వెళ్తుందా?

నురగగా వెళ్లదు. నాగోలు దాటాక ప్రతాపసింగారం వైపు వెళ్తే, నీళ్లు కట్ట మీంచి దూకే ప్రతిచోటా నురగ కుప్పలుగా లేస్తుంది, గాలికి గడ్డలు గడ్డలుగా ఎగిరి పొలం గట్ల మీద పడుతుంది. అది డిటర్జెంట్లలోని పదార్థాలకు గాలి తగిలి లేచినది. కాసేపటికి బుడగలు చితికిపోతాయి, ఒడ్డున బూడిదరంగు చార మిగులుతుంది. ఆ చార ఊరికే కొట్టిపారేసేది కాదు. బుడగ పొరమీదికి జిడ్డు రసాయనాలు, మసి రేణువులు ఎక్కుతాయి కాబట్టి కింద పారే నీళ్లలో కన్నా అక్కడ వాటి సాంద్రత ఎక్కువ. ఇప్పటి డిటర్జెంట్లలో చాలావరకు కొన్ని రోజుల్లో విరిగిపోయేవే. నురగ చూసి భయపడినంతగా, నురగ లేని నీళ్లను చూసి ధైర్యపడటం కూడా సరికాదు.

నది తనను తాను శుభ్రం చేసుకుంటుంది అంటారు, నిజమా?

సగం నిజం. నగరం దిగువన మూసీ మీద పాతకాలం నుంచి చిన్న చిన్న ఆనకట్టలున్నాయి, రైతులు కత్వలంటారు. ఒక్కో కత్వ వెనక నీళ్లు నిలిచి, మట్టి పేరుకుని, మళ్లీ దూకినప్పుడు గాలి కలుస్తుంది. వలిగొండ వైపు వెళ్లేసరికి నీళ్లు కంటికి చాలా తేరుకున్నట్టే కనిపిస్తాయి. కుళ్లే పదార్థాన్ని, రోగకారక క్రిముల్ని ఈ వరస నిజంగానే బాగా తగ్గిస్తుంది. ఎండ కూడా పని చేస్తుంది, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమందు ఎండకు విరిగిపోతుంది. మొండి రసాయనాలు మాత్రం నీళ్లను వదిలి కత్వ వెనక పూడికలోకి చేరతాయి. నీళ్లు తేరుకున్నాయంటే మట్టి బరువెక్కిందని అర్థం. అవే నీళ్లతో పారాగడ్డి పెంచి, ఆ గడ్డితో బర్రెల్ని మేపి, ఆ పాలు నగరానికే తెస్తున్నాం కాబట్టి కొంత భాగం సముద్రం మాటెత్తకుండానే వెనక్కి వచ్చేస్తోంది.

వరద వస్తే మంచిదే కదా, అంతా కొట్టుకుపోతుంది?

కొట్టుకుపోయి ఎక్కడికి వెళ్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఏ నదైనా ఏడాది మొత్తంలో మోసే ఒండ్రులో చాలా భాగం కొద్ది వరద రోజుల్లోనే పోతుంది. ఏళ్ల తరబడి కత్వల వెనక, నాలాల అడుగున పేరుకున్న నల్లమట్టి అప్పుడు లేస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు ఇళ్లలోకి వచ్చిన బురదను కడిగినవాళ్లకు ఆ మట్టి ఎలా ఉంటుందో తెలుసు, జిడ్డుగా వేళ్లకు పట్టి ఒక పట్టాన వదలదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. అలాంటి రెండు మూడు రోజుల్లో సముద్రానికి చేరేంత మట్టి మామూలుగా నెలల తరబడి కూడా చేరదు. నీటి నమూనాలు వేసవిలో తీసి ఏడాది లెక్క కట్టేవాళ్లు ఈ భాగాన్నే వదిలేస్తుంటారు.

డ్యాములు ఈ విషపు మట్టిని ఆపుతాయి కదా, అది లాభమేగా?

ఆపుతాయి. కృష్ణ మీద ఆనకట్టలు కట్టాక డెల్టాకు చేరే ఒండ్రు బాగా పడిపోయింది, తీరం కోతకు గురికావడానికి అదొక కారణం. రసాయనాలు కూడా ఆ ఒండ్రుతోపాటు జలాశయాల్లో ఆగుతాయి. నీళ్లలో కరిగే రకాలు మాత్రం గేటు దాటిపోతాయి. అసలు చిక్కు పూడిక తీసేటప్పుడు వస్తుంది. చెరువు మట్టి పొలానికి బలమని తోలుకునే అలవాటు మనకు మంచిదే, కానీ పరిశ్రమల దిగువన ఉన్న చెరువు మట్టి పరీక్ష చేయించకుండా చేనుకు తోలుకోవద్దు.

## అలివి దగ్గర

ఉప్పునీళ్లు తగలగానే ఏమవుతుంది?

మంచినీళ్లలో సన్న బంకమట్టి రేణువులన్నిటి మీదా రుణవిద్యుదావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పునీళ్లు తగిలితే ఆ తోపు పోతుంది. రేణువులు గుంపుగా అతుక్కుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. ఉప్పు ఎక్కువైతే జిడ్డు రసాయనాలు నీళ్లలో ఇంకా తక్కువ కరుగుతాయి, కాబట్టి మిగిలిన కాస్తా మట్టినే పట్టుకుంటుంది. నదులు మోసుకొచ్చిన మొండి రసాయనాల్లో పెద్ద భాగం ఇక్కడే, అలివి చుట్టుపక్కలే దిగుతుంది. పోటుకు లేచి, పాటుకు కూర్చుని, ఒక పెద్ద వరదో తుఫానో వచ్చేదాకా అక్కడే తచ్చాడుతుంది. రొయ్యలు, పీతలు, మట్టగిడసలు బతికేది కూడా ఆ మట్టిలోనే.

మడ అడవులు వడకడతాయా?

వడకడతాయి. వేళ్ల మధ్య ప్రవాహం నెమ్మదించి ఒండ్రు కూర్చుంటుంది, దానితోపాటు రసాయనాలూ. కృష్ణా, గోదావరి అలివిల్లోని మడలు ఈ పని ఊరికే చేసిపెడుతున్నాయి. మడ నరికి రొయ్యల చెరువు తవ్వితే దాచినదంతా మళ్లీ నీళ్లలో కలుస్తుంది.

అలివి దాటాక ఎటు పోతుంది?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తూర్పు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి నడుస్తుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి. నైరుతి వరదల నీళ్లు తేలిక కాబట్టి సముద్రం మీద పలచని పొరగా పరుచుకుని, వానాకాలం అయ్యాక తీరం పట్టుకుని నెల్లూరు, చెన్నై వైపు సాగుతాయి. ఈ ప్రవాహాల లెక్కలు రోజూ కట్టే సంస్థ మన ఊళ్లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం ఇచ్చేది అదే. సముద్రం లేని ఊళ్లో సముద్రాన్ని కనిపెట్టుకుని ఉన్నారు.

## లోతుల్లోకి

పైనే తేలకుండా అంత లోతుకి ఎలా దిగుతుంది?

తినే నోళ్ల వల్ల, చచ్చే ప్రాణుల వల్ల. పైపొరలో ఎండ తగిలేచోట నాచు పెరుగుతుంది, జిడ్డు రసాయనాలు దానిలోకి చేరతాయి. ఆ నాచును కంటికి ఆననంత చిన్న రొయ్యజాతి జీవులు మేస్తాయి. వాటి పెంట చిన్న గుళికల్లా గట్టిగా ఉండి త్వరగా మునుగుతుంది. చచ్చిన నాచు, విడిచిన పెంకులు, జిగురు, మట్టి కలిసి తెల్లని పీలికలుగా అతుక్కుని పగలూ రాత్రీ కిందికి రాలుతుంటాయి. వేగం రకాన్ని బట్టి రోజుకు కొన్ని మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్లు. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్ల ప్రాంతం, అంటే వడిగా రాలే పీలికకు కొన్ని వారాల పని. అదే రసాయనం నీళ్లలో కరిగి, ఆ నీళ్లు కిందికి దిగి ప్రపంచమంతా తిరగాలంటే వందల ఏళ్లు పడుతుంది.

దారిలో చాలా భాగాన్ని మధ్యలోని జీవులు తినేస్తాయి. తినగలిగింది తిని, జీర్ణం కానిది వదిలేస్తాయి. దానివల్ల కిందికి చేరే కొద్ది పీలికలో మొండి రసాయనం వాటా పెరుగుతూ పోవచ్చు.

బంగాళాఖాతానికి ప్రత్యేకత ఏమైనా ఉందా?

ఉంది. నదుల నీళ్లు ఇంతగా వచ్చిపడే సముద్రభాగాలు తక్కువ. పైన తేలికైన మంచినీటి పొర మూతలా కూర్చోవడం వల్ల పై నీళ్లు, కింది నీళ్లు సులభంగా కలవవు. ఆ లెక్కన రసాయనాలు పైనే ఉండిపోవాలి. కానీ అదే నదులు మట్టిని కూడా తెస్తాయి. 1980ల చివర్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి ఇక్కడ లోతుల్లో వలల్లాంటి గరాటాలు వేలాడదీశాయి. వాటి కింద సీసాలు వరసగా తిరుగుతూ ఏ కాలంలో ఎంత రాలిందో పట్టిపెడతాయి. నదుల వరద వచ్చిన కాలంలో రాలిక పెరిగింది. ఒండ్రు రేణువులు తేలికైన పీలికలకు బరువు తగిలించి తొందరగా దించేస్తున్నాయని తేలింది. పైన మూత ఉన్నా, కిందికి దిగే దారి తెరిచే ఉందన్నమాట.

సముద్రం అడుగున కూడా వరదలొస్తాయంటారు, అదేంటి?

తీరం దగ్గరి వాలు మీద పేరుకున్న ఒండ్రు ఒక్కసారి జారితే, బురద కలిసిన బరువైన నీరు అడుగున లోయల వెంట పరుగెత్తుతుంది. 2019 చివర్లో ఆఫ్రికాలోని కాంగో నదికి పెద్ద వరద వచ్చింది. 2020 జనవరిలో దాని అలివి నుంచి బయల్దేరిన బురద ప్రవాహం సముద్రం అడుగున 1,100 కిలోమీటర్లకు పైగా సాగి, దారిలో ఇంటర్నెట్ కేబుళ్లను తెంపేసింది. నదికీ లోతు సముద్రానికీ మధ్య ఇంత నేరుగా దారి ఉంటుందని కళ్లకు కట్టిన సంఘటన అది. వారాల తరబడి రాలాల్సిన మట్టి రోజుల్లో అడుక్కి చేరింది.

మనవైపు గంగా-బ్రహ్మపుత్ర అలివి ముందర ఇలాంటి లోయ ఉంది. అందులోంచి జారిన ఒండ్రుతో బంగాళాఖాతం అడుగున 3,000 కిలోమీటర్ల పొడవైన మేట ఏర్పడింది. కృష్ణా, గోదావరి తీరం ముందు కూడా కొన్ని పదుల కిలోమీటర్లు వెళ్లేసరికి అడుగు వాలిపోతుంది, ఆ వాలులో లోయలున్నాయి.

చేపలు కూడా మోసుకెళ్తాయా?

మోసుకెళ్తాయి. లాంతరు చేపలని వేలెడంత చేపలుంటాయి, ఒంటిమీద వెలుగుచుక్కలతో. రాత్రి పైకొచ్చి తిని, తెల్లారేసరికి వందల మీటర్ల కిందికి దిగిపోతాయి. ప్రపంచ సముద్రాలన్నిటా రోజూ జరిగే వలస ఇది. పైన తిన్నది కింద విసర్జిస్తాయి, కింద పెద్ద చేపలకు ఆహారమవుతాయి. తిమింగలం చచ్చి మునిగితే దశాబ్దాలుగా దాని కొవ్వులో చేరిన రసాయనమంతా ఒకేచోటికి దిగుతుంది.

పీఫాస్ మట్టికి అంటుకోదు కదా, అది ఎలా వెళ్తుంది?

నీళ్లతోనే వెళ్తుంది. అందుకే దాన్ని కత్వలూ మడలూ పెద్దగా ఆపలేవు. పొడవాటి గొలుసులున్న రకాలు కొంత మట్టిని పట్టుకుంటాయి, పొట్టివి సాఫీగా సముద్రం చేరతాయి. అక్కడ ప్రవాహాలతో తిరుగుతూ మెల్లగా లోతుకు కలుస్తాయి. అలలు చిట్లినప్పుడు లేచే తుంపరతో కొంత మళ్లీ గాలిలోకి వచ్చి తీరం మీద పడుతుందని కూడా పరిశోధనలు చూపించాయి. మొండి రసాయనాలను నిషేధించడానికి, పరిమితం చేయడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం ఈ కుటుంబంలో ఒక్కోదాన్నే చేరుస్తూ వస్తోంది: 2009లో పీఫాస్‌లో ముఖ్యమైన పీఎఫ్‌ఓఎస్, 2019లో పీఎఫ్‌ఓఏ, 2022లో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్. ఈ కుటుంబంలో వేల సభ్యులున్నాయి, ఈ నడకతో ఎప్పటికవుతుందో.

ప్లాస్టిక్ ముక్కలే కదా ఈ రసాయనాలను మోసుకెళ్లేవి?

కొంత మోస్తాయి, కానీ వాటిని మరీ పెద్ద చేసి చెప్తున్నారు. సముద్రంలో సహజంగా ఉండే రేణువులు, నాచు, జీవుల మొత్తంతో పోలిస్తే ప్లాస్టిక్ పరిమాణం తక్కువ, కాబట్టి రసాయనాల రవాణాలో దాని వాటా కూడా చాలాచోట్ల తక్కువే. ప్లాస్టిక్ చెడ్డది కాదని దీని అర్థం కాదు. దానిలో తయారీలోనే కలిపిన రసాయనాలు బయటికి రావడం వేరే సమస్య.

అన్నీ నదుల నుంచే వస్తాయా?

కాదు. పీసీబీలు, పాత పురుగుమందుల్లో చాలా భాగం గాలిలో ప్రయాణిస్తుంది. మన ఎండలకు ఆవిరై, చల్లటి చోట దిగి, మళ్లీ ఆవిరై మెల్లగా ధ్రువాల వైపు జరుగుతుంది. నడిసముద్రంలో గాలి వాటా పెద్దది, తీరానికి దగ్గర్లో నది వాటా పెద్దది.

## అడుగున

అంత లోతులో నిజంగా దొరికాయా? రుజువేంటి?

దొరికాయి. ప్రపంచంలోనే లోతైన మరియానా అగాధంలోకి, న్యూజిలాండ్ దగ్గరి కెర్మాడెక్ అగాధంలోకి ఎర పెట్టిన బోనులు దించి, అక్కడ బతికే యాంఫిపాడ్‌లను పట్టారు. చూడ్డానికి వంగిన రొయ్యలా ఉంటాయి, పైనుంచి ఏది పడినా తినేస్తాయి. శాస్త్రవేత్త ఆలన్ జేమీసన్ బృందం 2017లో ఫలితాలు ప్రచురించింది. 10,000 మీటర్లకు పైగా లోతున పట్టిన వాటిలో కూడా పీసీబీలు, మంట అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు ఉన్నాయి.

అందులో నన్ను కదిలించింది వాళ్లు చేసిన పోలిక. చైనాలో బాగా కలుషితమైన లియావో నది నీళ్లు పారే వరిపొలాల్లోని పీతలతో పోల్చారు. మరియానా జీవుల్లో గరిష్ఠంగా కనిపించిన పీసీబీల మోతాదు ఆ పీతల్లో కన్నా 50 రెట్లు ఎక్కువ. పీసీబీలను 1930ల నుంచి 1970ల దాకా దాదాపు 13 లక్షల టన్నులు తయారుచేశారు. తయారీ ఆగిన నలభై ఏళ్లకు, మనిషి దాదాపు చేరలేని చోట, మురికి పొలంలోని పీతను మించి పేరుకుంది. సముద్రం పెద్దది, అన్నీ పలచబడిపోతాయి అనేవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అక్కడి బ్యాక్టీరియా వీటిని తినేయదా?

తింటుంది, చాలా నెమ్మదిగా. అడుగున నీళ్లు ఫ్రిజ్‌లోని నీళ్లకన్నా చల్లన, వెలుగు లేదు, 4,000 మీటర్ల దగ్గర ఒత్తిడి మనమున్నచోటికి 400 రెట్లు. ఎండ విరగ్గొట్టే అవకాశం సున్నా.

మట్టి కింద పూడిపోతే పీడ విరగడే కదా?

పూడిపోయి కదలకుండా ఉంటే, అవును. నదులు తెచ్చిన సేంద్రియ పదార్థం ఎంత కాలం, ఎంత లోతున దాగి ఉండగలదో మన తీరం ముందరి కృష్ణా-గోదావరి (కేజీ) బేసినే చెప్తుంది. లక్షల ఏళ్లుగా కృష్ణా గోదావరులు దించిన ఒండ్రులోని ఆకు, అలములను సూక్ష్మజీవులు కుళ్లబెట్టగా పుట్టిన మీథేన్, 2006లో అక్కడ తవ్విన నౌకకు మంచులాంటి హైడ్రేట్ గడ్డల రూపంలో దొరికింది. మన రసాయనాలు ఆ మేట మీద పడిన తాజా పలచని పొర.

ఇబ్బంది ఏమిటంటే పై పొర నిలకడగా ఉండదు. పురుగులు గుల్లచేస్తాయి, ట్రాలర్ల వలలు వాలు మీది మట్టిని దున్నేస్తాయి. ఇప్పుడు లోతు సముద్రంలో గనుల తవ్వకం మాట కూడా నడుస్తోంది. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర లోహపు ముద్దల అన్వేషణకు భారత్‌కు ఒప్పందం ఉంది. తవ్వితే లేచే బురదలో ఏమేముందో ముందే కొలిచి పెట్టుకోవాలని నా అభిప్రాయం.

దొరికిన డీడీటీ పాతదా, ఈమధ్య వాడిందా? ఎలా చెప్తారు?

డీడీటీ ఆక్సిజన్ ఉన్నచోట డీడీఈగా, లేనిచోట డీడీడీగా మారుతుంది. మారినవాటి వాటా ఎక్కువుంటే పాతది, అసలు డీడీటీ ఎక్కువుంటే కొత్తది. మనదేశంలో దాన్ని వ్యవసాయంలో 1989లోనే నిషేధించారు, దోమల నివారణకు మాత్రం మినహాయింపు ఉంచుకున్నారు. అందుకే మన తీరంలో ఈ పరీక్ష చేయడం అవసరం.

## మళ్లీ మన దగ్గరికి

వంజరం, చందువ మానేయాలా? రామ్‌నగర్ మార్కెట్‌లో సముద్రపు చేపే కొంటాం.

మానక్కర్లేదు. సముద్రపు చేపను అనుమానించి, నగరం దిగువ చెరువు చేపను నమ్మడం తిరకాసు వ్యవహారం. రసాయనాల పుట్టుకకు దగ్గరున్నది చెరువు చేపే. జాగ్రత్త పడాలనుకుంటే పెద్ద వేటచేపల్ని అప్పుడప్పుడు తిని, కవ్వళ్లు, నెత్తళ్లు లాంటి చిన్నవి ఎక్కువ తినండి. జిడ్డు రసాయనాలు కొవ్వులో, తోలు కింద, కాలేయంలో ఉంటాయి కాబట్టి అవి తీసేస్తే చాలావరకు తగ్గుతాయి. పీఫాస్ మాత్రం కొవ్వులో కాకుండా రక్తం, కాలేయం మాంసకృత్తుల్ని పట్టుకుంటుంది, తోలు తీసినా ఉంటుంది.

లోతుకి పోయింది మళ్లీ పైకి వస్తుందా?

కొంత వస్తుంది. లోతు నీళ్లు పైకి పొంగే తీరాలున్నాయి, లోతులో మేసి పైకొచ్చే జీవులున్నాయి. చేపలు సముద్రం నుంచి నదికి తెచ్చిన సందర్భం కూడా నమోదైంది. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి అలాస్కా సరస్సులకు వచ్చే సాల్మన్‌లు అక్కడే చచ్చి, తమ కొవ్వులోని పీసీబీలను సరస్సు మట్టికి చేర్చాయి. పులస గోదావరిలోకి ఎదురీదే ఊళ్లవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు.

ఇప్పుడు నిషేధిస్తే లాభముందా? ఆల్రెడీ పోయింది కదా.

ఉంది. నిషేధించిన రసాయనాలు తీరాల్లో, తల్లిపాలలో తగ్గుతూ రావడం చాలా దేశాల్లో కొలిచారు. లోతు సముద్రం దశాబ్దాలు ఆలస్యంగా స్పందిస్తుంది, అంతే. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారత్ 2006లో ఆమోదించింది, ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మన చేలల్లో, చెదలకు తెగ వాడే క్లోరిపైరిఫాస్ కూడా 2025లో కొన్ని మినహాయింపులతో ఆ జాబితాలోకి ఎక్కింది. నిషేధాల చిక్కల్లా ఒకటి ఆపితే దాని దాయాది మార్కెట్లోకి రావడమే. నా మట్టుకు నాకు, దిగువన కోట్లు పోసి కడగడం కన్నా ఫ్యాక్టరీ గేటు దగ్గరే, నాలాలో కలవకముందే పట్టుకోవడం చౌక.

ఇంట్లో మిగిలిన మాత్రలు, సిరప్‌లు ఏం చేయాలి?

సింకులో, టాయిలెట్‌లో పోయకండి. కొన్ని తీవ్రమైన నొప్పిమందులు పొరపాటున ఎవరైనా మింగితే ప్రాణాపాయం కాబట్టి వాటికి మాత్రం ఫ్లష్ చేయమనే సూచన ఉంది. అవి ఇచ్చేటప్పుడే డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. మిగతావి తిరిగి తీసుకునే మెడికల్ షాపు దగ్గర్లో ఉంటే అక్కడివ్వండి. లేకపోతే స్ట్రిప్ కత్తిరించి, మాత్రలు వాడిన టీ పొడిలోనో మట్టిలోనో కలిపి కవర్లో కట్టి, చెత్తబండి వాళ్లకు ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. పురుగుమందు డబ్బాలు, పాత పెయింటు, ట్యూబ్‌లైట్లు కూడా అలాగే విడిగా ఇవ్వండి. డాక్టర్ అయిదు రోజులకు రాస్తే అయిదు రోజులవే కొనండి, షాపతను స్ట్రిప్ మొత్తం తీసుకోమన్నా సరే.